మొదట పడింది ఎవరు?

పోయినవారం వీళ్ళను ఎక్కడ వదిలిపెట్టామో అక్కడే ఉన్నారు. వారం గడిచింది కదా, ఎవరికైనా కాస్త బుద్ధి వచ్చి ఉంటుందని మీరు అనుకుంటే అది మీ మంచితనం. కొత్తగా చదువుతున్నవాళ్ళు కంగారు పడొద్దు, జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

టైర్ల షాపు మీది మేడలో మాస్టారి హాలు ఉంది. అక్కడ పట్లు, దెబ్బలు, వాటిని తప్పించుకోవడం నేర్పుతారు. అవి ఎక్కడైనా నేర్పేవే. మాస్టారి దగ్గర మాత్రం ఇంకొకటి ఉంది. దాని పేరు దూరం దెబ్బ. ఆయన అరచెయ్యి ఎత్తి చూపిస్తే చాలు, ఎదుటి మనిషి ఒంటి మీద చెయ్యి పడకుండానే నేల మీద పడతాడు. కొత్తగా చేరినవాళ్ళు కొన్నాళ్ళు పడరు. చుట్టుపక్కల అందరూ పడుతుంటే నిలబడడానికి మొహమాటమేసి, తరవాత వాళ్ళూ పడతారు. అలా ఏళ్ళ తరబడి సాఫీగా సాగిపోతున్న వ్యవహారంలోకి మొన్నటి ప్రదర్శనలో ఒక బాక్సర్ వచ్చాడు. పగలు లారీల మెకానిక్కు, సాయంత్రాలు బాక్సర్. మాస్టారు అరచెయ్యి చూపించారు. అతను చూయింగ్ గమ్ నములుతూ నిలబడ్డాడు. మళ్ళీ చూపించారు. నములుతూనే ఉన్నాడు. జనం పగలబడి నవ్వారు.

అక్కడితో నమస్కారం పెట్టి వేదిక దిగిపోయి ఉంటే మనకు ఈ వారం కథే ఉండేది కాదు. మాస్టారు మైకు అందుకున్నారు. ఆదివారం సాయంత్రం ఇదే వేదిక మీదికి గ్లవ్స్ వేసుకుని రమ్మన్నారు. నిజంగా కొట్టమన్నారు. తన దాకా ఎలా వస్తాడో చూస్తానన్నారు.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం. తుప్పు పట్టిన నట్టు బోల్టులు చేత్తో విప్పే మనిషి ముందు, జుట్టంతా నెరిసిన మనిషి అరచెయ్యి చాపి నిలబడబోతున్నారు. చేతులు అడ్డం పెట్టుకోవడం కూడా ఆయన ఈ వారమంతా సాధన చెయ్యలేదు. అవసరం ఏముంది, అతను దగ్గరికి రానే రాడు కదా!

ఈ పిచ్చిని ఆపాలని చూస్తున్నది ఒకే ఒక్క మనిషి, ఆయన కూతురు. హాల్లో ఆమెను అందరూ చురక అంటారు. నోరు తెరిస్తే ఎవరో ఒకరికి అంటుకుంటుంది కాబట్టి ఆ పేరు. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి పాఠం చెప్పేది ఆమే. మొదటి పాఠం పడటం. గడ్డం గుండెకు ఆనించి, వీపు గుండ్రంగా చేసి, అరచెయ్యి నేలకు చరిచి, తల తగలకుండా పడటం. "నిలబడు అనే మాటను విడదీసి చూడండి, అందులోనే పడటం ఉంది. పడటం రానివాడికి నిలబడటం రాదు" అని మాస్టారు పిల్లలకు చెప్పి, తన మాటకు తనే మురిసిపోతుంటారు. చురక చిన్నప్పటినుంచీ వింటున్న మాటే. ఈ వారం రోజులుగా ఆ మాట గుర్తొస్తే చాలు, ఆమెకు ఒళ్ళు మండుతోంది.

నిన్న పెద్ద శిష్యుడు పనిచేసే బేకరీకి వెళ్ళి, పిండి కలిపే గదిలో, అతని చేత ఒట్టు వేయించుకుంది. ఆ శిష్యుడి పేరు గోడ. ఎత్తూ వెడల్పూ చూసి ఎవరో పెట్టారు, అది అతికిపోయింది. అందరికంటే ముందు నుంచీ ఉన్నవాడు, అందరికంటే బాగా పడేవాడు కూడా. గోడ పడితే మిగతావాళ్ళు పడతారు. గోడ నిలబడితే మిగతావాళ్ళూ నిలబడతారు. అప్పుడు మాస్టారికి కళ్ళు తెరుచుకుంటాయి. ఇదీ ఆమె లెక్క. గోడ పిండి చేతుల్తోనే ఆమె చేతిలో చెయ్యి వేసి "పడను చెల్లెమ్మా" అన్నాడు.

మధ్యాహ్నం అందరూ వచ్చారు. కింద షాపులో ఎవరో టైరుకు గాలి కొడుతున్నారు. మేడంతా రబ్బరు వాసన. మెట్ల పక్కన చెప్పులు వరసగా విప్పి పెట్టి, శిష్యులు చాప మీద బారు తీరి నిలబడ్డారు. మాస్టారు లోపలి గదిలోంచి వచ్చారు. ఆయన ముఖంలో భయం లేదు, బెంగ లేదు. పెళ్ళికి బయల్దేరేవాడిలా ఉన్నారు.

"సాయంత్రానికి ముందు ఒక్కసారి చెయ్యి వేడి చేసుకుందాం. రా నాయనా" అని గోడను పిలిచారు.

గోడ ముందుకు వచ్చాడు. కాళ్ళు ఎడంగా పెట్టాడు. చురక వైపు ఒక చూపు చూశాడు. ఆమె తల ఊపింది. మాస్టారు ఊపిరి పీల్చి, అరచెయ్యి ఎత్తి, గాల్లో ముందుకు నెట్టారు.

గోడ పడ్డాడు.

మామూలుగా కూడా కాదు. గడ్డం లోపలికి, వీపు గుండ్రంగా, అరచెయ్యి చాప మీద ఠప్పున. పాఠం చెప్పినప్పుడు పిల్లలకు చూపించదగ్గ పడటం. కిటికీ అద్దాలు అదిరాయి. వరసలో వెనక ఉన్న ఇద్దరు, ఎవరూ అడక్కుండానే, తూలి ఒకరి మీద ఒకరు పడ్డారు.

"చూశావా తల్లీ, ఈరోజు చెయ్యి ఎలా ఉందో!" అన్నారు మాస్టారు కూతురితో, పొంగిపోతూ.

చురక ఆయన వైపు చూడలేదు. నేరుగా చాప మీదికి నడిచి, గోడ చొక్కా పట్టుకుంది.

"లే. లే ముందు. నిన్న ఏమని ఒట్టేశావు?"

"చెల్లెమ్మా, ఇక్కడ వద్దు..."

"ఇక్కడే. పడనని ఒట్టేశావా, లేదా?"

గోడ లేచి కూర్చున్నాడు. అంత పెద్ద మనిషి ముఖం చిన్నబోయింది.

"నేను పడలేదు చెల్లెమ్మా. పడిపోయాను."

"రెండిటికీ తేడా ఏంటి?"

"పడితే నాకు తెలుస్తుంది కదా" అన్నాడు గోడ. "కాళ్ళు గట్టిగానే పెట్టుకున్నాను. పడకూడదు, పడకూడదు అనుకుంటూనే ఉన్నాను. తర్వాత చూస్తే చాప మీద ఉన్నాను. నన్ను కొట్టినా నా దగ్గర వేరే సమాధానం లేదు."

నన్నడిగితే గోడను కొట్టాల్సిన పని లేదు. అతను నిజమే చెప్పాడు. అబద్ధం చెప్పే మనిషైతే చురకకు తేలికగా ఉండేది. నమ్మి పడినవాడితో పోట్లాడడం ఎలాగో ఆమెకు తెలియలేదు. అందుకే గొంతు ఇంకా పెంచింది.

"ఒట్టు ఏంటి?" అన్నారు మాస్టారు. ఆయన ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

"నేనే వేయించాను నాన్నా. పడొద్దని చెప్పాను. ఈ ఒక్కరోజైనా వీళ్ళు నిటారుగా నిలబడితే, నీ చేతిలోంచి ఏమీ బయటికి రావడం లేదని నువ్వే చూస్తావని. నీ చేతిలో ఏం లేదు నాన్నా. వీళ్ళు పడుతున్నారు, అంతే. వాడి పక్కవాడు పడ్డాడని వీడు, వీడు పడ్డాడని ఇంకొకడు."

మాస్టారు శిష్యుల వైపు తిరిగారు. "అంతేనా?" అని అడిగారు.

ఒకడు చాప అంచు సరిచేశాడు. ఇంకొకడు నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. ఇంతమంది మగాళ్ళు, ఇంతింత కండలు, నోట్లోంచి ఒక్క మాట రాలదు. నాకైతే వాళ్ళందరినీ టైర్లతో పాటు కిందికి దొర్లించాలనిపించింది.

"వాళ్ళనెందుకు అడుగుతావు? నన్ను పడెయ్" అంది చురక. ఆయనకు ఎదురుగా వెళ్ళి నిలబడింది. "ఊఁ, చెయ్యి ఎత్తు. నేను నీ చేతి కింద పుట్టి పెరిగినదాన్ని. నీ బాక్సర్ కంటే నేనే బాగా పడతాను కదా. పడెయ్."

"చిన్నపిల్లలా చెయ్యకు."

"పడెయ్ నాన్నా!"

మాస్టారు చెయ్యి ఎత్తారు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ అరచెయ్యి తన వైపు తిరగగానే చురకకు గుండెల్లో వెచ్చగా అయింది. చిన్నప్పటినుంచీ తెలిసిన వెచ్చదనమే. మోకాళ్ళలో పట్టు సడలింది. వెనక్కి వాలితే ఎంత హాయిగా ఉంటుందో ఆమె ఒంటికి తెలుసు, మనసు ఏం చెబుతోందని ఒళ్ళు అడగనైనా లేదు. ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. తండ్రి మీద కాదు, తన మోకాళ్ళ మీద. పళ్ళు బిగపట్టి, కాలి వేళ్ళతో చాపను కరుచుకుని, అలాగే ఉంది. ఆయన ఇంకోసారి నెట్టారు. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారాయి గానీ పడలేదు.

"కోపంగా ఉన్నావు" అన్నారు మాస్టారు చెయ్యి దించుతూ, మెల్లగా. "కోపం నిండిన ఒంట్లోకి దెబ్బ దిగదు."

చురక పకపకా నవ్వింది. ఆ నవ్వు వినడానికి బాగాలేదు.

"నాకు కోపం అడ్డం. మొన్న వాడికి చూయింగ్ గమ్ అడ్డం. దవడ ఆడుతుంటే దెబ్బ లోపలికి వెళ్ళదని ఇంటికొచ్చి చెప్పావు గుర్తుందా? అంతకుముందు ఎవరికో జలుబు అడ్డం. పడనివాడికల్లా ఏదో ఒకటి అడ్డం వస్తూనే ఉంటుంది నీకు. సాయంత్రం వాడి గ్లవ్‌కి నీ దవడ అడ్డం వస్తుంది నాన్నా. అప్పుడేం చెబుతావు? ఆస్పత్రిలో నోటికి తీగలు కట్టి పడుకోబెడితే, అప్పుడెలా చెబుతావు?"

"నోరు అదుపులో పెట్టుకో."

"పెట్టుకోను. అసలు ఈ నాటకం ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియాలి." ఆమె శిష్యుల వైపు తిరిగింది. "ఒక్కొక్కళ్ళూ చెప్పండి. ఎవర్ని చూసి పడ్డారు?"

వెనకవాడు ముందువాడిని చూపించాడు. ముందువాడు గోడను చూపించాడు. గోడ చేతులు నలుపుకుంటూ, "నేను చేరేటప్పటికే పడుతున్నారు చెల్లెమ్మా" అన్నాడు.

"ఎవరు? అప్పటికి ఈ హాల్లో ఎవరున్నారు? మొదట పడింది ఎవరు?"

"మీ అమ్మ" అన్నారు మాస్టారు.

గర్వంగా అన్నారు. ఆయనకు అది నేరం ఒప్పుకోవడం కాదు, ఎన్నోసార్లు చెప్పుకున్న గొప్ప కథ. శిష్యులందరికీ వచ్చిన కథే, అయినా ఆయన చెప్పడం మొదలుపెట్టగానే బారు తీరి నిలబడ్డారు.

"నాకు మోకాలు పోయిన ఏడాది. పోటీలో మెలిపడింది. డాక్టర్లు అన్నీ చూసి అతుక్కుంది, నడవొచ్చన్నారు. నాకు మాత్రం అది నా కాలు కాదు. కుర్చీలోంచి లేవబోతే జావ అయిపోయేది. కుర్చీ మాస్టారని పేరు పెట్టారు, వీధిలో పిల్లలతో సహా. ఒకరోజు పొద్దున వంటగది గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నాను. మీ అమ్మ గబగబా నా వైపు వస్తోంది. నేను ఇలా చెయ్యి ఎత్తాను. అంతే. నేను ముట్టుకోలేదు. పడిపోయింది. నేను ఆ కుర్చీలోంచి ఎప్పుడు లేచానో నాకే తెలియదు, ఆమె పక్కన నిలబడి ఉన్నాను. ఆ కాలి మీద! నా చేతిలోంచి వెళ్ళిన శక్తే వెనక్కి తిరిగి నా కాల్లోకి వచ్చింది. ఆ ఏడాదే మళ్ళీ పోటీకి దిగాను. గెలిచాను. అదిగో ఫోటో. అది కూడా నాటకమేనా?"

ఫోటో కిటికీ పైన వేలాడుతోంది. పడుచు మాస్టారు ఒక కాలు తల దాకా ఎత్తి ఉన్నారు. నేల మీద ఆనిన కాలు, ఆ పాడైపోయిన మోకాలిదే. ఆ గెలుపు నిజం. అది ఎవరూ కాదనలేరు.

చురక ఫోటో వైపు చూడలేదు. మెట్ల పక్కనున్న చిన్న గదిలో పొద్దుటినుంచీ ఆడుతున్న కుట్టు మిషను చప్పుడు ఆగిపోయి చాలాసేపయింది. గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. సాయంత్రం మాస్టారు వేసుకోవాల్సిన కొత్త చొక్కా ఆమె చేతిలో ఉంది. కాలరుకు ఇంకా దారం వేలాడుతోంది.

"అమ్మా, నువ్వు నిజంగా పడ్డావా?"

"చొక్కా వేసి చూసుకోండి" అంది తల్లి భర్తతో. "భుజాల దగ్గర పట్టేస్తుందేమో."

"అమ్మా!"

"ఇప్పుడెందుకే అవన్నీ?"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు చెబుతావు? వాడు ఈయన్ని కొట్టాకా? ఈ చొక్కా రక్తంతో ఇంటికొచ్చాక నువ్వే ఉతుక్కుంటావు కదా, అప్పుడా? అందరూ పిరికివాళ్ళే అనుకున్నాను. నువ్వూ అంతేనా?"

ఆ మాట తగిలింది. తల్లి చొక్కాను కుర్చీ మీద పెట్టింది, మడత పెట్టి మరీ. కూతురు వైపు కాకుండా, భర్త వైపు తిరిగింది. ఇంత కోపం ఆ ముఖంలో ఉంటుందని హాల్లో ఎవరూ ఎరగరు.

"ఏమండీ, ఆరోజు మీరు చెయ్యి ఎందుకు ఎత్తారు?"

"ఎందుకంటే..." మాస్టారు ఆగారు. "నువ్వు వస్తున్నావని."

"ఆగమని ఎత్తారు. తడిగా ఉంది, చూసుకో అన్నారు. ఆ మాట మీరు మర్చిపోయారు. నేను మర్చిపోలేదు."

"తడిగా ఉందా?"

"నేనే తుడిచానండి, అప్పుడే. జారి పడ్డాను. వీపు విరిగినంత పనైంది. కళ్ళు తెరిచి చూస్తే మీరు నా పక్కన నిలబడి ఉన్నారు. నెలల తరబడి కుర్చీలోంచి లేవని మనిషి. నన్ను చూడట్లేదు, మీ చెయ్యి చూసుకుంటున్నారు. 'నేనేనా?' అని అడిగారు. నేనేం చెప్పాలి? జారి పడ్డాను, వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చోండి అని చెప్పాలా? 'మీరే' అన్నాను."

"మర్నాడు కూడా పడ్డావు కదా" అన్నారు మాస్టారు. గొంతు చాలా చిన్నగా ఉంది.

"మర్నాడు కావాలని పడ్డాను. ఆ మర్నాడు కూడా. మీరు నిలబడాలంటే నేను పడాలి. పడ్డాను. శిష్యులొచ్చాక వాళ్ళ ముందూ పడ్డాను. నన్ను చూసి వాళ్ళూ మొదలుపెట్టాక, అప్పుడు మానేశాను."

"నేల తడిగా ఉందా?" అని ఆయన మళ్ళీ అడిగారు.

"తడిగా ఉందండీ."

మాస్టారు తన అరచెయ్యి చూసుకున్నారు. తర్వాత ఫోటో వైపు ఒక అడుగు వేశారు. రెండో అడుగు పడలేదు. మోకాలు మడత పడింది, పాతికేళ్ళ కింద మాట విననట్టే. ఆయన చాప మీద కూలబడ్డారు. గడ్డం లోపలికి పెట్టలేదు, చెయ్యి చరచలేదు. ఇంతమందికి పడటం నేర్పించిన మనిషి, ఏమీ నేర్చుకోనివాడిలా, పక్కకు ఒరిగి పడిపోయారు.

"మాస్టారూ!" అని గోడ పరిగెత్తాడు. ఎవరో నీళ్ళ బిందె తెమ్మన్నారు. గోడ తెచ్చిన తొందరకి సగం నీళ్ళు చాప మీదే ఒలికాయి. మిగతా సగం మాస్టారి ముఖాన చిలకరించారు. ఆయనకు స్పృహ తప్పలేదు. కళ్ళు తెరిచే ఉన్నారు. లేవడానికి ఒకసారి చూశారు, ఇంకోసారి చూశారు. కాలు ఆయన మాట వినలేదు.

"నొప్పిగా ఉందా నాన్నా? ఎక్కడ?" చురక ఆయన పక్కన కూర్చుని మోకాలు పట్టి చూసింది. వాపు లేదు, ఎముక కదల్లేదు. పొద్దున ఈ కాలితోనే మెట్లన్నీ ఎక్కి వచ్చారు.

"నొప్పి లేదు" అన్నారాయన. "అది నా కాలు కాదు."

అంతే కదా ఆమెకు కావలసింది? సాయంత్రం ఆయన వేదిక ఎక్కరు. దవడ పగలదు. ఎవరూ నవ్వరు. తను గెలిచింది. గెలిచినవాళ్ళకు ఉండాల్సిన సంతోషం కోసం ఆమె లోపల ఎంత వెతికినా దొరకలేదు.

"చెప్పమన్నావుగా" అంది తల్లి, ఆమె పక్కకు వచ్చి నిలబడి. "పిరికిదాన్నన్నావు. చెప్పాను. పడీ పడీ నా నడుము పాడైంది, ఎవరికైనా చెప్పానా? అన్నేళ్ళు పడి నేను నిలబెట్టుకున్న మనిషిని, నువ్వు ఒక్కసారి నిలబడి కూల్చేశావు. చూసుకో ఇప్పుడు. కళ్ళారా చూసుకో."

"నువ్వు అబద్ధంతో నిలబెట్టావమ్మా!"

"నిలబడ్డాడు కదే!"

ఇద్దరూ అరుస్తున్నారు. మధ్యలో ఆయన, తడిసిన చాప మీద, అలాగే ఒరిగి ఉన్నారు. ఆ ఇద్దరిలో ఎవరిది తప్పో చెప్పమంటే నేను చెప్పలేను. మూడు వారాలుగా ఈ కథ రాస్తూ చురక పక్కనే నిలబడ్డాను. ఇప్పుడు నాకు ఆ అమ్మాయి మీదా కోపం వస్తోంది, ఆ తల్లి మీదా వస్తోంది.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

బరువైన అడుగులు, తొందర లేకుండా ఎక్కుతున్నాయి. మెట్ల పైభాగంలో ఆగాయి. బూట్లు విప్పుతున్న చప్పుడు. హాల్లోకి ఎవరొచ్చినా బూట్లు విప్పాలని అతనికి ఎవరు చెప్పారో మరి. గుమ్మంలో బాక్సర్ నిలబడ్డాడు. చేతిలో తలకు పెట్టుకునే తోలు తొడుగు ఉంది.

"మాస్టారు లేరా అండీ?" అన్నాడు. "ఇది ఇద్దామని వచ్చాను. పెద్దాయన కదా, ఊరికే రావొద్దు, తలకి ఇది పెట్టుకోమని చెబుదామని..."

శిష్యులు గబుక్కున కదిలి మాస్టారికి అడ్డంగా నిలబడ్డారు. ఇన్నాళ్ళకు వాళ్ళు నిలబడిన మొదటిసారి ఇదేనేమో. అయినా వాళ్ళ కాళ్ళ మధ్యలోంచి నేల మీద మనిషి కనబడుతూనే ఉన్నాడు. మాస్టారు ముఖం పక్కకు తిప్పుకున్నారు. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడడం చురక చూసింది. జనం నవ్విన రోజు కూడా ఆయన చెవులు అలా ఎర్రబడలేదు.

ఈ స్థితిలో ఆయన్ని ఆ మనిషి చూడకూడదు. ఆమెకు తోచింది అదొక్కటే. గుమ్మం వైపు నాలుగు అంగల్లో వెళ్ళింది. అతను అప్పటికే గడప దాటి ఒక కాలు లోపల పెట్టాడు.

"ఆగు" అంది. అరచెయ్యి ఎత్తి చూపించింది, ఎవరైనా మనిషిని ఆపడానికి ఎత్తినట్టే. అంతకుమించి ఆమె మనసులో ఏమీ లేదు.

బాక్సర్ ఆమె చేతి వైపు చూశాడు. ఈరోజు అతని నోట్లో చూయింగ్ గమ్ లేదు. ముఖంలో రంగు మారింది. రెండు కాళ్ళూ ఒక్కసారి తేలిపోయాయి. మనిషి నిలువునా వెనక్కి పడ్డాడు. తోలు తొడుగు దొర్లుకుంటూ మెట్ల మీదికి పోయింది.

కావాలని పడేవాళ్ళ పడటం చురకకు తెలుసు. కళ్ళు మూసుకుని, చప్పుడు విని చెప్పగలదు. ఇది అలాంటిది కాదు. మోచెయ్యి చెక్క నేలకు కొట్టుకున్న శబ్దం అందరూ విన్నారు. అతను నొప్పితో మూలుగుతూ, ఏం జరిగిందో తెలియక, ఆమె చేతినే చూస్తున్నాడు. ఆమె చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

వెనక నుంచి తండ్రి గొంతు వినిపించింది.

"నువ్వేనా తల్లీ?"

చురక తల తిప్పింది. ఆయన మోచేతుల మీద లేచి ఆమెనే చూస్తున్నారు. ఆయన పక్కన తల్లి, కూతురు ఏం చెబుతుందోనని చూస్తూ నిలబడి ఉంది. అతను జారే పడి ఉంటాడు, గోడ ఒలికించిన నీళ్ళు చాప మీంచి గుమ్మం దాకా పారి ఉంటాయి. పారే ఉండాలి.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, గడప దగ్గర నేలను అరచేత్తో తడిమి చూసింది.

పొడిగా ఉంది.